మా క్యాంటీన్ డ్రమ్ములు చేరే ఊరు

ఆదివారం ఆరాధన మానేసి ప్రయాణం పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. కానీ యాదమ్మ అడిగిన తీరు చూశాక కాదనలేకపోయాను.

హైటెక్ సిటీలో ఒక కంపెనీ క్యాంటీన్‌కి నేను సూపర్‌వైజర్‌ని. సొంతూరు బాపట్ల దగ్గర. యాదమ్మ మా దగ్గర ప్లేట్లు కడుగుతుంది, రోజూ ఔటర్ రింగు రోడ్డు అవతల నుంచి వచ్చిపోతుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు స్వప్న. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుంది, మగపిల్లాడు పుట్టాడు. ఆదివారానికి ఇరవై ఒక్క రోజులు, తొట్టెల కడుతున్నారు.

"మీరు రావాలె మేడమ్. మా వియ్యపురాలు పిల్లను, పిలగాన్ని ఆ దినమే తోల్కపోతనంటుంది. ఐదో నెల దాకన్న ఉంచుకోకపోతే నా ఇజ్జత్ ఏముంటది? ఆఫీసు మేడమ్ పక్కన కూసుంటే జర ఊకుంటది" అంది. ఎందుకు తీసుకెళ్తానంటోంది అని అడిగితే, "వాసనకు" అని ఒక్క ముక్క చెప్పి పనిలో పడిపోయింది. ఇంక అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

పొద్దున ఏడుంబావుకి ప్రగతి నగర్‌లో ఆటో ఎక్కి మియాపూర్ చేరాను. సంగారెడ్డి బస్సు ఏడూ యాభైకి దొరికింది. ఆడవాళ్ళకి ఉచితం కదా అని దర్జాగా ఆధార్ తీశాను. కండక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆంధ్ర అడ్రస్ గదమ్మా, నడవది. టికెట్ తీస్కో" అంది. పదేళ్ళుగా అడ్రస్ మార్చుకోని బద్ధకం నాది, ఎవరిని అని ఏం లాభం! మీరు వెళ్తే కార్డు సరిచూసుకుని బయల్దేరండి.

నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న సెక్యూరిటీ గార్డు ఒకాయన పక్క సీట్లో కునుకు తీస్తున్నాడు. టికెట్ కోసం నేను ఊరి పేరు చెప్పగానే కళ్ళు తెరిచాడు. "ఆ ఊరికా? మా మేనత్తది ఇల్లుంది ఆడ. అమ్ముదమంటే కొనేటోడు దొరుకుతలేడు" అన్నాడు. ఎందుకండీ అంటే, "దిగినంక మీకే తెలుస్తది" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

తొమ్మిదింటికి రోడ్డు మీద దిగి షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఇరవై. సగం దారిలో డ్రైవర్ ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. మరో రెండు మలుపుల్లో నాకూ తెలిసొచ్చింది. పులిసిపోయిన కుడితి, పేడ కాని పేడ, ఏదో మందు, అన్నీ కలిసిన కంపు. కొంగు అడ్డం పెట్టుకుంటే కొంగుకీ పట్టింది.

యాదమ్మ ఇంటి ముందు పచ్చని పందిరి వేశారు. లోపల తొట్టెల మీద దోమతెర, దాని మీద ఈగలు. పిల్లాడి ఒంటి మీద ఎర్రగా పొక్కులు. నీళ్ళ వల్లో గాలి వల్లో డాక్టర్ తేల్చి చెప్పలేదట. బోరు నీళ్ళు నురగ కడుతున్నాయని స్వప్న వాడికి స్నానం కూడా డబ్బా నీళ్ళతోనే చేయిస్తోంది. "కిటికీ తెరిచి ఇరవై దినాలయింది మేడమ్" అంది. ఆ పిల్ల మొహం చూస్తే ఏడుపొచ్చింది.

పదకొండింటికి, ఇంకా చుట్టాలు వస్తూండగా, ఆ వాసన ఎక్కడిదో చూద్దామని ఇంటి వెనక్కి నడిచాను. రెండు పొడుగాటి రేకుల షెడ్లు, వాటి నిండా సీమపందులు. ఒకదాని మీద ఒకటి పడుతూ అరుస్తున్నాయి. కడిగిన నీళ్ళు నల్లగా కాలవ కట్టి ఊరి కుంటలోకి పోతున్నాయి. గేటు పక్కన నీలం డ్రమ్ములు, మెడకు పసుపు పట్టీ. ఆ పట్టీలు వేసింది నేనే, మా క్యాంటీన్ డ్రమ్ములు వేరే వాళ్ళ డ్రమ్ములతో కలవకూడదని.

పందుల తొట్టిలో శుక్రవారం మేం వండిన వెజ్ బిర్యానీ, గులాబ్ జామ్‌లు. రెండు రోజుల ఎండకి బుడగలు కక్కుతున్నాయి. "మొదట్ల నలభై ఉండె. కంపెనీల అన్నం వస్తుండె, దాణా కొనే పని లేకపాయె, ఇగ పెంచుకుంటనే పోయిన్రు" అన్నాడు బూట్లేసుకుని కడుగుతున్న పనాయన.

సిగ్గు విడిచి చెబుతున్నాను. చిన్నప్పుడు మెతుకు పారేస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. అలాంటి నేను, మిగిలిన అన్నం పందులకి పట్టుకెళ్ళే వ్యాన్ రావడం మొదలయ్యాక, వంటమనిషితో "ఇంకాస్త ఎక్కువే వండు, మిగిలితే పందులు తింటాయిలే" అనడం అలవాటు చేసుకున్నాను. మా దగ్గర ఒక్క మెతుకూ వృథా కాదని మేనేజర్ల ముందు చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

పన్నెండున్నరకి భోజనాలు. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో ఈగలు తోలుకుంటున్నారు. యాదమ్మ నన్ను వియ్యపురాలి పక్కనే కూర్చోబెట్టింది. గయ్యాళేమో అనుకున్నాను, ఆవిడ ఎంత నెమ్మదస్తురాలో! "మేడమ్, మీరే చెప్పుండ్రి. మీ మనుమడైతే ఈడ ఉంచుతరా?" అని అడిగింది. యాదమ్మ నా మొహంలోకి చూస్తోంది. నన్ను పిలిపించుకుంది ఆ ఒక్క మాట కోసమే.

"ఉంచనండి" అన్నాను.

మూడింటికి కారు వచ్చింది. స్వప్న తల్లిని పట్టుకుని ఏడ్చింది. పిల్లాడు నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతూనే కారెక్కాడు. కనీసం మూడో నెలైనా నిండకుండా పంపినందుకు ఊళ్ళో ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే, యాదమ్మ ఇంటికి తాళం వేసి నాతో బయల్దేరింది. కొండాపూర్‌లో చెల్లెలి దగ్గర పడుకుంటానంది.

నాలుగుంబావు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నాతో మాట్లాడదనుకున్నాను. టికెట్ తీసుకున్నాక నేనే అడిగాను, "అది మన అన్నమని ముందే ఎందుకు చెప్పలేదు యాదమ్మా?"

"ఎట్ల చెప్పాలె మేడమ్? రోజు ఆ డ్రమ్ములు నింపేది నేనే గద. చెప్తే డ్రమ్ములు బంద్ అయితయి, ఎనక నా పని గూడ బంద్ అయితదని భయపడ్డ."

పటాన్‌చెరు దాటాక వంటమనిషికి ఫోన్ చేశాను. రేపటి నుంచి అన్నం రెండు గుండిగలు తగ్గించమన్నాను. చాలకపోతే ఎవరు మాట పడాలి అన్నాడు. నేనే పడతానన్నాను. ఒక్క క్యాంటీన్ తగ్గిస్తే ఆ షెడ్లు ఖాళీ అవుతాయా అంటే, అవ్వవు. ఆ ఊరి చుట్టూ ఎన్ని కంపెనీల డ్రమ్ములు తిరుగుతున్నాయో నాకేం తెలుసు! ఈ యాత్రలో నాకు తెలిసొచ్చిందల్లా, మనం పడేసింది ఎవరి గుమ్మం ముందో పడుతుందని.

యాదమ్మ అంతా విని కిటికీ వైపు తిరిగింది. "గంత చేస్తే నా మనుమడు మల్ల వస్తడా మేడమ్?" అంది.