తువాలు చుట్టిన వేలు

మా తాత ముత్యాలప్ప ఇరవై ఏళ్లు యుద్ధాలు ఆగిన దేశాలకు పోయి ఎన్నికలు జరిపించి వచ్చాడు. ఇప్పుడు పెనుకొండలో పాలప్యాకెట్ల దగ్గర క్యూ సరిచేస్తాడు. ఆడవాళ్లను ఒక వరసలో, మగవాళ్లను ఒక వరసలో నిలబెట్టనిదే ఆయనకు తోచదు. అంత మనిషీ తను ఓటు వేసి వచ్చిన రోజు మాత్రం ఎడమచేతిని భుజం మీది తువాలు కిందే దాచుకుంటాడు. చాదస్తమని ఇంట్లో అందరం నవ్వేవాళ్లం.

మొన్న నేను మొదటిసారి ఓటు వేశాను. ఓటు వేసిన బడి గేటు ముందర సిరా వేలు ఎత్తి, "తాతా, ఒక ఫోటో తియ్యి" అన్నాను. ఆయన గబుక్కున తువాలు తీసి నా వేలికి చుట్టాడు.

"ఏం తాతా, నా వేలు ఎవురన్నా ఎత్తుకపోతారా?"

ఆయన నవ్వలేదు. "నేను పోయిన ఒక దేశంలో ఒకామె నీ మాదిరే మొదటి ఓటు ఏసింది పాపా. వేలు ఎత్తమ్మా అని నేనే ఫోటో తీస్తి. కింద పేరు రాసి ఊరంతా అంటిస్తిమి. వారం తిరక్కుండా, ఓటు ఏయొద్దన్న తుపాకులోళ్లు ఆమె ఇల్లు ఎతుక్కుంటా వచ్చి, ఆ వేలు నరికిరి."

"ఈడ అట్లాంటోళ్లు లేరు కదా తాతా."

"లేరు. నాకు తెలుసు" అన్నాడు. అంటూనే ముడి ఇంకాస్త బిగించాడు.

ఇంటికి పోతుంటే పక్కింటి వెంకటక్క ఎదురొచ్చింది. "ఓటేసినావా పాపా? ఏదీ, వేలు చూపీ!"

"తలుపులో పడి నలిగిందక్కా" అన్నాను. తాత నా వైపు చూడలేదు. నేను తువాలు విప్పలేదు.