వాటం లేని గచ్చు

ఇరవై ఎనిమిదేళ్ళు బాపట్లలో ఒక కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పాను. పొద్దున తెనాలిలో రైలెక్కి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ రైల్లోనే రావడం. ఇన్నేళ్ళలో బోర్డు మీద ఎన్నో యంత్రాలు గీశాను గానీ, నా చేత్తో చేసింది ఒక్కటీ లేదు. రిటైరయ్యాక ఆ వెలితి పట్టుకుని పీడించింది. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే రెండు సీట్ల చిన్న విమానాన్ని ఇంట్లోనే కడతానని మా వారితో చెప్పాను. ఆయన పేపరు కాస్త దించి, "ఎగిరేదేనా?" అని అడిగారు. ఎగిరేదే అన్నాను.

"సరే, వెనక రేకుల షెడ్డు ఖాళీగానే ఉందిగా," అని మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయారు.

షెడ్డు ఖాళీగా లేదు. మా మామగారి కాలం నాటి గోతాలు, కోళ్ళు విరిగిన మంచం, ఎవరిదో గుర్తులేని సైకిలు. ఏది తీసేద్దామన్నా, "ఉండనీ, దేనికన్నా పనికొస్తుంది," అనేవారు మా అత్తగారు. ఆ దేనికన్నా ఏమిటో ఆవిడకీ తెలియదు. అవన్నీ బయటికి పోయేసరికి నెల పట్టింది.

తర్వాత నేల. మాది నల్లమట్టి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానలకి ఉబ్బుతుంది. విమానానికి రేకులు బిగించే బల్ల ఏమాత్రం మెలితిరిగి ఉన్నా ఆ మెలిక రివెట్లతో పాటు విమానంలోకీ దిగిపోతుంది. అందుకని గట్టి పునాదితో, ఎటూ వంపు లేని గచ్చు కావాలి. రేపల్లె నుంచి ఒక మేస్త్రిని పిలిపించాం. అరవై దాటిన మనిషి, పనిమంతుడని పేరు.

"తిన్నటి చెక్క బద్దె పెడితే ఎటు తిప్పినా నేలకి పూర్తిగా ఆనాలి. ఎక్కడా వంపు ఉండకూడదు," అని అతనికి వివరంగా చెప్పాను.

అతను అంతా విని మా వారి వైపు తిరిగాడు. "నీళ్ళు పోడానికి వాటం ఎటు ఇమ్మంటారండి సార్?"

"మేడమ్‌ని అడుగు," అన్నారు ఆయన.

"వాటం వద్దు," అన్నాను.

"అలాగేనమ్మా," అన్నాడు.

గచ్చు ఆరాక వెళ్ళి ఒక బేరింగు గుండు నేల మీద పెట్టాను. అది తిన్నగా తలుపు దాకా దొర్లి గడపకి కొట్టుకుని ఆగింది. మేస్త్రిని పిలిచి చూపించాను.

"కొంచెమే ఇచ్చానమ్మా. వాటం లేకుండా గచ్చు ఎలా వేస్తామండి? రేపు నీళ్ళు నిలబడితే, ఏ మేస్త్రి చేశాడ్రా ఇదని నన్నేగా తిట్టేది."

"నేను దాని మీద నీళ్ళు పొయ్యను."

"కడగరా?"

"కడగను."

అతను మా వారిని జాలిగా చూశాడు. పైపొర పగలగొట్టి మళ్ళీ వేశాడు. ఈసారి గుండు వెనక గోడ వైపు దొర్లింది.

"తలుపు వైపు వద్దన్నారుగదమ్మా," అన్నాడు.

మూడోసారి నేను అక్కడే స్టూలు వేసుకుని, రసమట్టం చేత్తో పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. అతను ప్రతి బారకీ నిట్టూర్చాడు. నేనూ నిట్టూర్చాను. గుండు పెట్టిన చోటే ఉండిపోయింది.

బల్ల నేనే చేశాను. ఇనుప చట్రం, పైన మందపాటి ప్లైవుడ్డు. దాన్ని మట్టానికి తెచ్చి, తోక భాగాల పెట్టె విప్పి, మొదటి అల్యూమినియం ముక్కలు పరిచి బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ముక్కలన్నీ ఓ మూలకి చేరాయి. బల్ల నిండా తెల్ల పంచె, పంచె నిండా ఆవకాయకి కొట్టిన మామిడి ముక్కలు.

"నీడపట్టున ఆరాలి కదా అమ్మాయ్," అన్నారు మా అత్తగారు. "ఇంట్లో ఇంత శుభ్రమైన చోటు ఇంకెక్కడుంది?"

అది నిజం కావడమే నాకు మరీ కష్టంగా ఉంది. మామిడి సొన రెండు రేకుల మీద పడి మచ్చలు కట్టింది. వాటిని తుడుస్తూ, షెడ్డుకి తాళం వేస్తానని ప్రకటించాను. వేశాను కూడా. తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోయి రెండు రోజులు నేనే బయట ఉన్నాను.

వానలు మొదలయ్యాక చుక్కాని బిగించడం పూర్తయింది. తోక చివర అటూ ఇటూ తిరిగే పలక అది. ఎత్తి అంచు వెంబడి చూస్తే కాల్చిన అప్పడంలా మెలితిరిగి ఉంది. నాకు అనుమానమే లేదు. నేల కుంగింది. మేస్త్రికి ఫోన్ చేసి, "నీ గచ్చు కుంగిపోయింది, వచ్చి చూడు," అన్నాను. గట్టిగానే అన్నాను.

మర్నాడు పొద్దున రైలుకి వచ్చాడు. నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, గచ్చు నాలుగు మూలలూ, బల్ల నాలుగు మూలలూ చూశాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే గీత దగ్గర నిలబడ్డాయి.

"నేల కుంగలేదమ్మా. బల్ల కూడా బానే ఉంది."

తర్వాత చుక్కాని తీసుకుని, తెరిచి ఉన్న కొస నుంచి లోపలికి చూశాడు. "లోపల పక్కటెముకల్లా ఉన్న ఈ అడ్డుపట్టీల్లో ఇదొక్కటీ బోర్లా పడిందేమో చూడండమ్మా. మిగతా వాటి అంచులు అటున్నాయి, దీనిది ఇటుంది."

డ్రాయింగు తెచ్చి చూశాను. బోర్లా పడింది. బిగించింది నేను. ఏ విద్యార్థి అయినా ఇలా చేసుంటే క్లాసు మొత్తానికీ వినపడేలా చివాట్లు పెట్టేదాన్ని. ఇప్పుడు పెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు. అతను నన్ను ఏమైనా అనుంటే బాగుండేది.

"ఫోన్లో అలా అనాల్సింది కాదు," అన్నాను.

"దానికేముందమ్మా. నేను రెండుసార్లు పగలగొట్టలా? మీరూ ఓసారి పగలగొట్టండి."

మా అత్తగారు కాఫీ తెచ్చారు. అతను స్టూలు మీద కూర్చుని తాగుతూ, ఇది పూర్తయితే ఎంత ఎత్తు పోతుందని మొదటిసారి అడిగాడు. మా వారిని కాదు, నన్ను. చెప్పాను. తలెత్తి పైరేకుల వైపు చూశాడు.

రివెట్లన్నీ ఒక్కొక్కటే తొలిచి తీయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు రేకులు పాడైతే మళ్ళీ తెప్పించాను. మూడు నెలలనుకున్న తోక పద్నాలుగు నెలలకి పూర్తయింది. అది వంకర లేకుండా ఉంది. ఎగరడానికి కావాల్సిన అనుమతుల ఫైలు ఇంకా ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంది.

రెక్కల పెట్టె మొన్న దిగింది. మేకులు పీకే సుత్తి తెమ్మంటే మా వారు పట్టకారు తెచ్చారు. ఇది కాదన్నాను. మళ్ళీ వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చారు. నేనే వెళ్ళి సుత్తి తెచ్చుకున్నాను.