అవ్వ మంచం దగ్గర తెలుగు

పొద్దంతా బడిలో ఇంగ్లీషు చెప్పి, గొంతు అరిగిపోయి ఇంటికి వస్తే, గుమ్మంలో పక్కింటి కొత్త కోడలు నిలబడి ఉంది. పక్క ఊరు సేత్తూరు పిల్ల, తమిళం తప్ప రాదు. ప్రేమించి, తమిళనాడులో తరాలుగా ఉంటున్న మా తెలుగువాళ్ల ఇంట్లో అడుగుపెట్టింది. తెలుగు నేర్పమని తమిళంలోనే అడిగింది. మళ్లీ పాఠమా అని నాకు ఒళ్లు మండింది.

సంగతి విన్నాక కాదనలేకపోయాను. ఆ ఇంటి అవ్వకు పక్షవాతం వచ్చి తమిళం పూర్తిగా పోయింది. మిగిలింది చిన్ననాటి తెలుగే. ఇంట్లో అందరూ తమ షాపుకు పోతే పగలంతా దగ్గరుండేది ఈ పిల్లే. అవ్వ ఏదో అడుగుతుంది, పిల్లకు అర్థం కాదు, అవ్వ ఏడుస్తుంది. రోజూ ఇదే.

పెళ్లయి ఏడాది దాటినా ఒక్క మాట రాలేదంటే తప్పు పిల్లది కాదు. తమిళం మాట్లాడేవాళ్లు ఎదురుపడితే చాలు, నోటిదాకా వచ్చిన తెలుగును మింగేసి తమిళంలోకి దిగిపోతాం. మా ఊరి మర్యాద అది. ఆ మర్యాదే పిల్ల కొంప ముంచింది.

మొదట బొమ్మల కార్డులు చూపించాను. నా ముందు గడగడా చెప్పేది, మంచం దగ్గరికి పోగానే మరిచిపోయేది. కార్డులు పక్కన పడేసి సాయంత్రాలు నేనే ఆ ఇంటికి పోయాను. అవ్వ గదిలో తమిళం వద్దన్నాను. దుప్పటి కప్పుతూ దుప్పటి అనాలి, నీళ్లు తాగిస్తూ నీళ్లు అనాలి, అంతే.

షరతు ముందు తప్పింది అత్తగారు. పిల్లకు తమిళంలో ఏదో చెప్పేసి, నావైపు తిరిగి, "పావం గదా టీచర్, బిడ్డకి తెలీదే," అంది. కాసేపటికి నేనూ తప్పాను. నిజానికి నాకు ఓపిక లేదు. కాళ్లు పీకేవి. ఎప్పుడు మానేద్దామా అని చూసేదాన్ని.

అలా విసుక్కుంటూనే ఒకరోజు వెళ్లేసరికి పిల్ల వంటింట్లో ఉంది. అవ్వ మంచం మీద నుంచి అరిచింది.

"యాడ సచ్చినావే! నడుము నొస్తా ఉండాది, పక్కకి తిప్పు!"

పిల్లకు తమిళంలో చెప్పబోయి నోరు మూసుకున్నాను. నడుము మాట నా కార్డుల్లో లేదు. పిల్ల చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఈడే ఉండా అవ్వా. వచ్చినా," అంటూ అవ్వను పక్కకు తిప్పి, నడుము రాసింది.

"ఇంతసేపా?" అని గొణిగి అవ్వ కళ్లు మూసుకుంది.

ఆ సాయంత్రం అవ్వ ఏడవలేదు. గడప మీద కూర్చుని నేనేడ్చాను.