తల తిప్పకుండా నడిచిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ప్రపంచంలో ఎక్కడైనా సరే, కొట్టు మెట్టు దిగిపోతున్న మనిషిని కొట్టువాడు వెనక్కి పిలిచి తీరతాడని. గాలికి పుట్టిన నమ్మకం కాదది. నరసరావుపేటలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, ఎదురుగా మా మేనమామది, పక్కన మా పెదనాన్నది. బేరంలో అసలు పని నోటిది కాదు, కాళ్ళదని నేను బడికి వెళ్ళకముందే నేర్చుకున్నాను. ధర సగానికి అడగాలి, మొహం చిన్నబుచ్చుకోవాలి, మెట్టు దిగాలి, తల తిప్పకుండా నడవాలి. ఏడో అడుగుకో ఎనిమిదో అడుగుకో "ఇదిగో అబ్బాయ్, నీ మాటా వద్దు నా మాటా వద్దు" అని పిలుపొస్తుంది. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉద్యోగానికొచ్చిన కొత్తలో కూడా ఈ విద్య బాగానే పనిచేసింది (అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు అమ్మాయి మాత్రం నన్ను పార్కింగ్ లాట్ దాకా నడవనిచ్చి అప్పుడు పిలిచింది).

అలాంటివాణ్ణి జపాన్ సముద్రతీరం వెంబడి సైకిల్ తొక్కడానికి ఎందుకు వెళ్ళానంటే, కలిసొస్తుందని. నేనూ నా రూమ్మేటూ వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళి తిరిగి రావాలి. దారిలో జపాన్‌లో పది రోజులు ఆగినా టికెట్ రేటు మారదని వాడు కనిపెట్టాడు. వాడిది వరంగల్. పక్క వీధికెళ్ళాలన్నా మ్యాపు ప్రింటు తీసుకుంటాడు కాబట్టి అందరం మ్యాపులయ్య అనేవాళ్ళం. వాడు నన్ను సేటూ అనేవాడు, అందులో గౌరవమేమీ లేదు. సైకిళ్ళు అక్కడే అద్దెకు తీసుకున్నాం. మొదటి నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండ, మధ్యమధ్య సొరంగాలు, మనిషన్నవాడు కనిపించని మలుపులో కూడా వేడి కాఫీ ఇచ్చే మెషీన్లు (వాటితో బేరం కుదరదు, అదొక్కటే నాకు నచ్చలేదు).

ఐదో రోజు పొద్దున్నుంచీ వాన. మ్యాపులయ్య మోకాలు సాయంత్రానికి బూరెలా వాచింది. అప్పటికి మేము చేరింది చేపలు పట్టేవాళ్ళ చిన్న ఊరు. ఊరు మొత్తానికి బస ఒక్కటే, ఒక పెద్దావిడ తన ఇంట్లోనే గదులు అద్దెకిస్తోంది. అది కాదంటే కొండ దాటి పద్దెనిమిది మైళ్ళు తొక్కాలి, ఇంకో గంటలో చీకటి పడుతుంది. పెద్దావిడ ఒక కాగితం మీద ధర రాసి రెండు చేతులతో నాకిచ్చింది. నేను పెన్ను తీసి దాన్ని కొట్టేసి, కింద సగం రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చింది. నడుం వంచి ఏదో అని కాగితం తిరిగిచ్చింది.

"మెత్తబడింది, పద" అన్నాను.

"ఎటు? మోకాలు వంగుతలేదు సేటూ."

"పది అడుగులు నడువు చాలు. తల మాత్రం తిప్పకు."

వానలో సైకిళ్ళు నడిపించుకుంటూ బయల్దేరాం. ఎనిమిదో అడుగు దాటింది. పన్నెండు. వెనకనుంచి కుంటుతున్న అడుగుల చప్పుడే తప్ప ఇంకేమీ లేదు. "ఇరవై అయినయి" అన్నాడు వాడు. అప్పుడు వినిపించింది, చెప్పుల టపటప. ఆవిడ పరుగెత్తుకుంటూ వస్తోంది. "చూశావా" అన్నాను, నడక కొంచెం నెమ్మది చేసి.

ఆవిడ వగరుస్తూ వచ్చి నాకొక గొడుగు ఇచ్చింది. కాగితంలో చుట్టిన రెండు అన్నం ముద్దలిచ్చింది. ఇంకో కాగితం మీద పక్క ఊరికి దారి గీసి తెచ్చింది, సొరంగం దగ్గర లైటు వేసుకోమని సైకిల్ లైటు బొమ్మతో సహా. మళ్ళీ నడుం వంచి వెళ్ళిపోయింది.

మ్యాపులయ్య ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మ్యాపు మంచిగ గీసింది సేటూ."

వెళ్ళిపోతున్నానంటే నిజంగానే వెళ్ళిపోతున్నాననుకుంది మహాతల్లి. నా జన్మలో నన్ను అంతగా నమ్మినవాళ్ళు లేరు.

వాడు రోడ్డు పక్క గట్టుమీద కూలబడ్డాడు. "నాతోని ఇగ కాదు. పొయ్యి అడుగు."

"నువ్వెళ్ళి అడగరా, నీ మోకాలు చూస్తే జాలిపడుతుంది."

"బేరం చేసింది నా మోకాలు కాదు. నువ్వే పో."

పిలవకుండా వెనక్కి వెళ్ళడం మా వంశంలో లేదు. ఆ ముప్ఫై అడుగులూ కొండ ఎక్కినదానికంటే కష్టంగా నడిచాను. గుమ్మంలో నిలబడి, నేను రాసిన అంకె కొట్టేసి, ఆవిడ రాసిన అంకె చుట్టూ సున్నా చుట్టి చూపించాను. ఆవిడ కాగితం వంక చూడనే లేదు. నా భుజం మీదుగా గట్టుమీద మోకాలు పట్టుకుని కూర్చున్నవాణ్ణి చూసింది. ఒక్క పరుగున వెళ్ళి వాడి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను, అది తప్ప నాకు మిగిలిన పని లేదు.

వాడికి మంచు మూట కట్టింది. వేణ్ణీళ్ళ స్నానమయ్యాక నేను చేప తిననని సైగ చేస్తే వంకాయ వేయించి పెట్టింది. నేను సగానికి కొయ్యబోయిన ధరలో ఇద్దరికీ భోజనం, పొద్దున టిఫిన్ కూడా కలిసే ఉన్నాయని అప్పుడు తెలిసింది (అడిగి ఉంటే చెప్పేది; నాకు అడిగే తీరికెక్కడిది?). పొద్దున డబ్బిచ్చేటప్పుడు ఏమైనా తగ్గిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను, అబద్ధం చెప్పను. తగ్గించలేదు. చిల్లర రెండు చేతులతో ఇచ్చింది. మిగతా దారంతా బస్సులో వెళ్ళాం.

మ్యాపులయ్య ఇప్పుడు అమెరికాలోనే చలి ఎక్కువుండే నోవైలో ఉన్నాడు. మంచు పడిన రోజుల్లో మోకాలు కలుక్కుమంటుందట, ఫోన్ చేసి మరీ చెబుతాడు. నేను ఫ్రీమాంట్‌లో ఇప్పటికీ బేరమాడతాను, మానలేదు. కానీ వాన పడినప్పుడల్లా ఆ సముద్రం పక్క రోడ్డుమీద ఒక పాతికేళ్ళవాడు కనిపిస్తాడు. మెడ బిగించుకుని, కుంటుతూ వస్తున్న స్నేహితుణ్ణి కూడా చూడకుండా, చెవులు రెండూ వెనక్కి పెట్టి నడుస్తుంటాడు. వాణ్ణి తిట్టాలనిపించదు. రావయ్యా, తడుస్తున్నావు అని ఒక్కసారి పిలవాలనిపిస్తుంది.