నడుస్తూ పాడిన క్రిస్మస్ పాటలు

తొంభైల మొదట్లో, ఒక డిసెంబరు ఒకటో తేదీన, విజయనగరంలోని ఒక చిన్న రేడియో కేంద్రంలో రికార్డింగ్ ఇంజినీరుగా చేరాను. ఆ వారంలోనే పిల్లల క్రిస్మస్ పాటల రికార్డింగు నాకు అప్పగించారు. ఇంగ్లీషు వరుసలకు ఎప్పుడో తెలుగు మాటలు కట్టిన పాత పాటలవి. అంతకుముందు ఏటా ఒక అరిగిపోయిన గ్రామఫోను రికార్డు వేసేవారు. మా టేపు కుదరకపోతే మళ్లీ అదే గతి.

రాజాం పక్క ఊరి నుంచి సండేస్కూలు టీచరు సువార్తమ్మ పిల్లలను బస్సులో తీసుకొచ్చింది. స్టూడియో పద్ధతి ప్రకారం మైకు ముందు గుర్తులు పెట్టి వాళ్లను కదలకుండా నిలబెట్టాను. ప్రతిసారీ రెండో చరణానికే తాళం తప్పింది. ఒక పిల్ల విసుక్కుంది: "ఏటి బాబూ, దొంగల్ని నిలబెట్టినట్టు నిలబెట్టీసినారు?"

కార్యక్రమాల అధికారి వాళ్లను పంపించేయమన్నాడు. సువార్తమ్మ అడ్డుపడింది. "క్రిస్మస్ ముందు పాడుకుంటూ ఊరంతా తిరుగుతాం బాబూ. నడిస్తేనే మా పిల్లలకి పాట వస్తాది."

చెప్పులు విప్పించి, తివాచీ మీద ఈ మూల నుంచి మైకు ముందు మీదుగా ఆ మూలకు నడిపిద్దామన్నాను. అధికారి పిల్లల ఎదుటే, "మిషను తిప్పుకునేవాడివి, పాట సంగతి నీకెందుకయ్యా?" అన్నాడు. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది.

అయినా నడిపించాను. తాళం ఎక్కడా తప్పలేదు. గొంతులు దూరం నుంచి దగ్గరకొచ్చి, మళ్లీ దూరమయ్యాయి. ధ్వని స్థాయి చూపే మీటరు ముల్లు మొదట్లోనూ చివర్లోనూ బాగా కిందనే ఉంది. అది లోపమని, టేపు పనికిరాదని అధికారి అన్నాడు. టేపు సాంకేతికంగా ప్రసారానికి పనికొస్తుందో లేదో సంతకం చేయవలసింది ఇంజినీరు. పనికొస్తుందని సంతకం చేశాను. అతను పైకి ఫిర్యాదు చేశాడు. కేంద్రం అధిపతి టేపు మొత్తం విని, వేయమన్నారు.

పండుగ ఉదయం పాటలు ప్రసారమయ్యాయి. ముగియగానే అధికారి రాసిచ్చిన ముక్కను అనౌన్సరు చదివింది: "సాంకేతిక లోపం వల్ల ధ్వనిలో కలిగిన హెచ్చుతగ్గులకు చింతిస్తున్నాము."

తర్వాత సువార్తమ్మ కనిపించి, ఊరివాళ్లకు అది అర్థం కాలేదని చెప్పింది. "లోపమేటి బాబూ? పిల్లలు మా గుమ్మం ముందుకొచ్చి ఎల్లిపోయినట్టే ఉన్నాది కదా."

ఆ ప్రకటన ఉపసంహరించుకోవాలని రాతపూర్వకంగా అడిగాను. అలాంటి ప్రకటనలు మామూలేనని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. రిటైరయ్యాక కూడా రాశాను.

పాడేవాళ్లు ఎలా పాడతారో తెలుసుకున్నాకే మైకు ఎక్కడ పెట్టాలో నిర్ణయించాలి, మీటరు చూడటం ఆ తర్వాత. ఆ రికార్డింగు నాకు నేర్పింది అదే. ఇప్పుడు ఆ టేపును అపురూపమైన పాత రికార్డింగని చెప్పి కేంద్రం వారు ప్రతి క్రిస్మస్‌కూ వేస్తున్నారు. లోపమన్న మాటను మాత్రం ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.