అద్దె అడిగే గొంతు

ఆమె గొంతు ఊరంతటికీ తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. కరెంటాఫీసుకు ఫోను చేసినవాళ్లను ‘దయచేసి లైన్‌లో ఉండండి’ అని ఆపిన రికార్డు గొంతు అదే. జనం తిట్టుకుంటూనే లైన్‌లో ఉండేవారు. ఇప్పుడు పుస్తకాలు చదివి రికార్డు చేస్తోంది.

ఈసారి చేతికొచ్చింది పాతకాలపు ఫ్రెంచి నవలకు తెలుగు అనువాదం. రంగుల ఫ్యాక్టరీ పక్కన ఒకే మేడలో ఇరుక్కుని బతికే కూలీల కథ. రచయిత ఎవరి మీదా జాలిపడడు. మెట్ల మీది తేమ దగ్గర్నుంచి తాగుబోతు గోళ్లలోని నీలిరంగు దాకా దేన్నీ వదలడు. మనుషులు బోలెడుమంది, అందరికీ వేరువేరు గొంతులు కావాలి. ఆమె వాటిని ఇంట్లోవాళ్ల దగ్గరే అరువు తెచ్చుకుంటుంది. మేస్త్రీకి మామగారి గొంతు, తాగుబోతుకు జలుబు చేసినప్పటి భర్త గొంతు. అద్దె కోసం తలుపులు బాదే ఇంటి యజమానురాలికి వదినగారి గొంతు, అంటే భర్త అక్కది.

చిక్కల్లా ఒకటే. రికార్డింగు జరిగేది ఆ వదిన ఇంట్లోనే. వెనక గదిలో, బీరువాల మధ్య, గోడలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి చదువుతుంది. నవల ముప్పాతిక అయింది. ఆవిడకు కోపమొచ్చి గది మారాల్సొస్తే శబ్దం మారుతుంది, మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాలి. ప్రచురణకర్త అంత గడువు ఇవ్వడు.

ఒక మధ్యాహ్నం వదిన వచ్చి ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

“నా గదిలో ఏం చదువుతున్నావో నాకూ వినిపించవే.”

వెనక నిలబడ్డ భర్త వద్దని కళ్లతో సైగ చేశాడు. రేపు పుస్తకం బయటికొస్తే ఎలాగూ వింటుంది కదా అనుకుంది ఆమె. అద్దె వసూలు అధ్యాయం రికార్డింగే పెట్టింది.

మేస్త్రీ నోరు విప్పగానే వదిన పకపకా నవ్వింది. “అచ్చం మా నాన్నే!” తాగుబోతు రాగానే తమ్ముడి వైపు తిరిగింది. “ఒరేయ్, నువ్వూ ఉన్నావురా!”

యజమానురాలు వచ్చింది. తలుపు బాది అరిచింది. వదిన నవ్వు ఆగిపోయింది.

“ఇది నేనా?”

“మీరే వదినా.”

“నేనిలా అరుస్తానా?”

“మొన్న పాలవాడి మీద అరిచారుగా.”

“వాడు నాకేం బాకీ లేడే! రావలసింది ఉంటే నేను అరవను. పేరు పెట్టి పిలిచి మెల్లగా అడుగుతాను. అప్పుడు పడతాయి చెమటలు.”

“పడతాయి,” అన్నాడు తమ్ముడు.

ఆమె పేజీ వెనక్కి తిప్పి చూసింది. యజమానురాలు అరిచిందని రచయిత ఎక్కడా రాయలేదు. ఆ అరుపు తను కలిపిందే.

“ఇంతకీ చివర్లో చస్తుందా ఈవిడ?” అంది వదిన.

“అందరూ పోతారు. ఈవిడొక్కతే మిగులుతుంది.”

“మిగలదూ మరి! మళ్లీ చదువు. ఫ్రిజ్ నేను ఆపి వస్తా, గురగురలాడుతోంది.”

దుప్పట్ల మధ్య ఆమె మైకు దగ్గరికి జరిగింది. అవే మాటలు, ఈసారి గొంతు తగ్గించి, తొందర లేకుండా అడిగింది. గుమ్మంలో నిలబడ్డ భర్త తెలియకుండానే జేబు తడుముకున్నాడు.