టెంకాయ తనంతట తాను లేచిన తర్వాత

మా నాయన బోరు పాయింట్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని రైతు చేనంతా నడిచేవాడు. టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ కింద నీళ్ళున్నట్టు లెక్క. ఆ చోట రాయి పెట్టి, పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోసేవాళ్ళు. గంగమ్మే తన చేతికి చెబుతుందని ఆయన అనేవాడు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు ఆ మాటను నమ్మేవి.

మా ఇంట్లో మాత్రం ఎవరమూ నమ్మేవాళ్ళం కాదు. ఆయన మా దగ్గర దాచలేదు కూడా. వంటింట్లో టెంకాయ పట్టుకుని, బొటనవేలి మొదలుతో దాన్ని ఎలా లేపాలో చూపించి నవ్వేవాడు. చుట్టుపక్కల చేలల్లో బోర్లు ఎక్కడ పడ్డాయో, నేల వాలు ఎటుందో ముందుగానే కనుక్కుని వెళ్ళేవాడు. నీళ్ళు పడితే గంగమ్మ దయ. పడకపోతే దానికీ ఒక మాట సిద్ధంగా ఉండేది: "గంగమ్మ పక్కకు జరిగిందప్పా, మనమేం చేస్తాము." రైతు నిట్టూర్చి ఆ మాటను అంగీకరించేవాడు. మళ్ళీ బోరు వేయాలంటే మా ఇంటికే వచ్చేవాడు. ఆ వృత్తికి ఒకటే కట్టుబాటు. పిలిచిన చేనులో ఎక్కడో ఒక చోట పాయింటు పెట్టే తీరాలి. నీళ్ళు లేవని చెప్పి తిరిగి రాకూడదు.

ఆ సంపాదనతోనే నేను మదనపల్లెలో డిగ్రీ చదివాను. మా ఇంటి పేరున్న వాళ్ళలో కాలేజీకి వెళ్ళిన మొదటి మనిషిని నేనే.

నేను చివరి సంవత్సరంలో ఉండగా, ఒక వేసవి మధ్యాహ్నం ఆయన పని నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా వాకిట్లో కూర్చున్నాడు.

"నేను లేపలేదు," అన్నాడు. "అదే లేసింది."

అమ్మ పడీ పడీ నవ్వింది. "ఊరందరికీ చెప్పిన అబద్ధాన్ని ఆఖరికి నువ్వే నమ్మితివా ఏమయ్యా? ఎండకు తల తిరిగుంటాది. మజ్జిగ తాగు."

ఆయన నవ్వలేదు. తాను పెట్టాలనుకున్న చోటు పల్లంలో ఉందట. టెంకాయ లేచింది రాతినేలలో. అక్కడే బోరు వేస్తే నీళ్ళు ఎగజిమ్మాయి. ఆ తర్వాత మరికొన్ని చేలల్లోనూ అలాగే జరిగింది. మనసుకు తెలియకుండానే చేతి కండరాలు కదలవచ్చునని నేను ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అట్లే అయ్యుండొచ్చు పాపా. కానీ యాడ నీళ్ళు లేవో కూడా తెలిసిపోతాండాది. అదే బాగలేదు."

ఆయన దిగులేమిటో నాకు అత్త వచ్చినప్పుడు గాని అర్థం కాలేదు.

అత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. కుప్పం దగ్గర ఒక పల్లెలో ఉండేది. మామ పోయాక కొంచెం మెట్టచేను, రెండు ఆవులు ఆమెకు మిగిలాయి. ఆవులను అమ్మి బోరు వేయించి, టమోటా పెట్టాలని ఆమె ఆశ. అన్నను పిలవడానికి తానే వచ్చింది. నాయనతో పాటు నేనూ వెళ్ళాను. ఆయన చేను నాలుగు మూలలా నడిచాడు. టెంకాయ కదలలేదు. మళ్ళీ నడిచాడు. చివరికి చెమట తుడుచుకుని టెంకాయను చెల్లెలి చేతికిచ్చాడు.

"ఈడ లేదమ్మణ్ణీ. ఆవుల్ని అమ్మొద్దు."

"అదేం మాటన్నా? ఊరందరికీ పెడతావు, నాకు పెట్టవా? ఇంకోసారి సూడు."

"సూసినా అంతే."

"సరే, యాడో ఒక చోట రాయి పెట్టిపో. మిగతాది గంగమ్మ సూసుకుంటాది."

బొటనవేలు కొంచెం కదిపితే చాలు. ఆయన కదపలేదు. "తెలిసి తెలిసి నీకు పెట్టలేనమ్మా," అన్నాడు. నాయన నిజం చెప్పాడని పక్కనే నిలబడిన నేను గర్వపడ్డాను. ఆ గర్వాన్ని ఇప్పుడు ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

అత్త ఆవులను అమ్మి, వేరే మనిషిని పిలిపించి పాయింటు పెట్టించుకుంది. బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ వారంలోనే ఆమె మా ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడింది.

"ఉండిన గంగమ్మను నోటితో పోగొట్టినావు కదన్నా. నువ్వు లేదంటివి, ఆయమ్మ పోయింది."

అమ్మ ఇచ్చిన నీళ్ళు కూడా తాగకుండా అత్త వెళ్ళిపోయింది. ఆ మాట పల్లెపల్లెకూ పాకింది. లేదన్న నోటితో ఆయన చేనులో అడుగుపెడితే ఉన్న నీళ్ళు కూడా పోతాయని రైతులు భయపడ్డారు, పిలవడం మానేశారు. ఆయన మదనపల్లెలో ఒక టమోటా మండీకి కాపలాదారుగా కుదిరాడు.

నేను ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్య ఒక ఉదయం స్టేషన్‌లో అత్త కనిపించింది. చేను బీడు పెట్టి, రోజూ రైల్లో బెంగళూరుకు ఇళ్ళపనికి పోయి వస్తోందట. బాగోగులు అడిగాక, ఎటో చూస్తూ అడిగింది.

"మీ నాయన ఇంకా టెంకాయ పట్టుకుంటాండాడా?"

"లేదత్తా. మా ఇంట్లో పచ్చడికి కూడా అమ్మే కొడతాది."

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆ పొద్దు ఒక్క అబద్ధం చెప్పుంటే ఏం పోయుండునమ్మా? బోరు ఎట్లైనా ఎండేదే. గంగమ్మ పక్కకు జరిగిందిలే అని ఏడ్సి ఊరుకుందును. నాకు మా అన్నన్నా మిగిలుండును."

రైలు వచ్చింది. పెట్టెల నిండా జనం. అత్త వాకిలి దగ్గరి కడ్డీ పట్టుకుని, సంచిని కాళ్ళ మధ్య ఇరికించుకుని, నిలబడే వెళ్ళింది.

సాయంత్రం నాయనకు ఫోన్ చేసి ఆమె అన్న మాటలు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "రైల్లో దానికి కూసునేకి చోటు దొరుకుతాదా?" అని అడిగాడు.

"దొరుకుతాది నాయనా. కిటికీ పక్కనే కూసోనింది."

అవతల మండీలో లారీ వెనక్కు వస్తున్న చప్పుడు వినిపించింది.

"నువ్వన్నా నేర్సుకున్నావులే పాపా," అన్నాడు.